దూలం మీద రంపపు గీతలు

పోయిన దసరాకి ఊరికెళ్తే ఇంట్లో పండగ కన్నా పంచాయితీ ఎక్కువగా ఉంది. తాత కట్టించిన పెంకుటిల్లు పడగొట్టి స్లాబు ఇల్లు వేద్దామని చిన్నబాపు. "నేను పోయినంక ఏమన్న చేస్కోండ్రి" అని మా బాపు. మధ్యలో నన్నడిగితే, నేను యథాప్రకారం "సాయంత్రం కాల్ ఉంది, రేపు మాట్లాడుకుందాం" అని తప్పించుకున్నాను. ఇన్నేళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవం ఊరికే పోదు కదా :)

మా ఊరు పాత ఆదిలాబాద్ జిల్లాలో ఖానాపూర్ దగ్గర. (2016లో జిల్లాని నాలుగు ముక్కలు చేశాక ఇప్పుడది నిర్మల్ జిల్లా. అయినా ఎవరైనా అడిగితే నోటికి ఆదిలాబాద్ అనే వస్తుంది.) ఆ ఇంట్లో చెప్పుకోదగ్గ ఆస్తి అంటే కలపే. నాలుగు పెద్ద దూలాలు, వాటి మీద దంతెలు, కింద మొగురాలు, ముందు పెద్దర్వాజ. అన్నీ టేకు. పాతకలప కొనే వ్యాపారి ఒకాయన అప్పటికే వచ్చి, దూలాన్ని గోటితో గీకి చూసి, ఒక రేటు చెప్పి వెళ్ళాడట. ఆ రేటు విన్నాక చిన్నబాపు పార్టీకి మెజారిటీ వచ్చేసింది.

అమ్మే ముందు అసలు ఎంత కలప ఉందో మనమూ లెక్క చూసుకుందామని ఊళ్ళో వడ్ల తాతని పిలిపించాం. ఎనభై దాటాయి, పని మానేసి చాలా కాలమైంది. ఆయన టేపు తీయలేదు. దూలం కింద కుర్చీ వేసుకుని కూర్చుని, నన్ను నిచ్చెనెక్కించి, సెల్‌ఫోన్ లైటు నిటారుగా కాకుండా పక్క నుంచి ఏటవాలుగా కొట్టమన్నాడు. కొట్టాను. అరవై, డెబ్భై ఏళ్ళ పొగ, మసి కింద నుంచి సన్నటి గీతలు బయటికొచ్చాయి.

"గిది మిషన్ కోత గాదు బిడ్డా. చేతికోత. గీతలు జూడు, ఏ రెండు గీతలన్న ఒక్క తీరుగ ఉన్నయా?"

లేవు. కొన్ని కాస్త ఇటు వాలి, కొన్ని అటు వాలి, మధ్యమధ్యలో ఒక జానెడు మేర దగ్గరదగ్గరగా, తర్వాత దూరందూరంగా.

"గీడ ఆగిన్రు" అన్నాడు తాత, దూరం నుంచే వేలు చూపిస్తూ. "గీడ బీడీ తాగిన్రో, నీళ్ళు తాగిన్రో. మళ్ళ షురూ జేసిన్రు. కోణం మారింది."

నాకు ఒక్కసారిగా ఒళ్ళు జలదరించింది. నేను రోజూ ఆఫీసులో చేసే పని అదే కదా! ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన కోడు చూసి, ఇక్కడ ఎందుకు ఆగాడు, ఇక్కడ ఎందుకు మార్చాడు అని ఆరా తీయడం. మా ఇంటి దూలం మీద కమిట్ హిస్టరీ ఉంది. నేను ముప్పై ఏళ్ళు దాని కింద పడుకుని ఒక్కసారి కూడా చదవలేదు.

*

రంపపు గీతలు చదవడం పెద్ద విద్యేం కాదు. మీరూ చేయొచ్చు. చక్రం రంపంతో కోసిన చెక్క మీద గీతలు వంపు తిరిగి ఉంటాయి, పెద్ద పళ్ళెం అంచుతో గీసినట్టు. ఈనాటి కోత మిషన్లలో తిరిగే బ్యాండు రంపమైతే గీతలు తిన్నగా, సమాన దూరంలో, ప్రింటర్ నుంచి వచ్చినట్టు ఉంటాయి. ఇద్దరు మనుషులు లాగిన చేతిరంపం గీతలు కూడా తిన్నగానే ఉంటాయిగానీ వాలు మారుతూ ఉంటుంది. మనిషి అలుస్తాడు కాబట్టి. గొడ్డలితోనో బాడిసతోనో చెక్కింది అయితే అసలు గీతలే ఉండవు, గంట్లు ఉంటాయి.

చేతికోత ఎలా ఉండేదో తాత చెప్పాడు. దుంగని ఒక గుంట మీద అడ్డంగా పెట్టేవాళ్ళు. గుంట తవ్వే వీలు లేకపోతే రెండు గుంజల్ని కత్తెరలా కట్టి, దుంగని ఒక చివర పైకెత్తి దాని మీద ఆనించేవాళ్ళు. తాడుని మసిలోనో జాజులోనో ముంచి, రెండు చివర్లా బిగించి పట్టి, మధ్యలో లాగి వదిలితే దుంగ పొడుగునా తిన్నటి గీత పడుతుంది. ఒకడు దుంగ మీద నిలబడతాడు, ఇంకొకడు కింద. పైవాడి పని గీత తప్పకుండా చూడటం, రంపాన్ని పైకి లాక్కోవడం. కిందవాడి పని కిందికి లాగడం. కోత పడేది కిందికి లాగినప్పుడే. పొట్టంతా కిందవాడి కళ్ళల్లో, నోట్లో. ప్రపంచంలో ఎక్కడ చూసినా ఈ పని ఇంచుమించు ఇలాగే జరిగింది, ఇంగ్లండులో అయినా, బర్మాలో అయినా, మా ఖానాపూర్‌లో అయినా. పైవాడికి కొంచెం ఎక్కువ పేరు, కిందవాడికి పొట్టు. (మేనేజరు, డెవలపరు అని నేననలేదు, మీరే అనుకున్నారు :))

టేకు కోయడం ఇంకో రకం కష్టం. టేకు చెక్కలో సన్నటి ఇసుక లాంటి పదార్థం, అంటే సిలికా, ఉంటుంది. రంపం పళ్ళు తొందరగా మొద్దుబారిపోతాయి. రోజులో చాలాసార్లు ఆపి ఆకురాయి పట్టాలి. ఒక పన్ను కొద్దిగా ఎడమకి, పక్క పన్ను కొద్దిగా కుడికి వంచుకుంటూ పోవాలి. లేకపోతే రంపం తన సందులో తనే బిగుసుకుపోతుంది. తాత చెప్పినదాని ప్రకారం మంచి కోతగాడిని కండ చూసి కాదు, ఆకురాయి పట్టే చెయ్యి చూసి పోల్చుకునేవాళ్ళట.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తెలుగులో "చేవ" అంటాం కదా, "చేవ ఉన్న మనిషి", "చేవ చచ్చింది" అని. ఆ మాట ముందు చెట్టుది. దుంగ మధ్యలో ముదిరి రంగు తేలిన గట్టి చెక్కే చేవ. దాని చుట్టూ ఉండే తెల్ల చెక్కని చెద తినేస్తుంది. టేకు చేవలో చెదకి గిట్టని రసాయనాలుంటాయి, అందుకే వంద ఏళ్ళయినా అలాగే ఉంటుంది. పాతకలప వ్యాపారి గోటితో గీకింది ఆ చేవ కోసమే.

*

ఆ రాత్రి నిద్ర పట్టక తాత ట్రంకుపెట్టె తెరిచాను. పట్టా కాయితాలు, పెళ్ళిపత్రికల మధ్య ఒక పాత కాయితం, ఉర్దూలో. మా ఇంట్లో ఉర్దూ చదవగలిగిన చివరి మనిషి తాతే. ఫోటో తీసి హైదరాబాద్‌లో మా టీములో ఒకతనికి పంపితే, వాళ్ళ నాన్నగారు చదివి చెప్పారు. అది కలప హర్రాజులో కొన్న రసీదు. సాగ్వాన్ దుంగలు ఇన్ని, సొమ్ము ఇంత, కొన్నవారి పేరు మా తాతది, 1359 ఫసలీ. నిజాం కాలపు ఫసలీ లెక్కకి 590 కలిపితే మన క్యాలెండరు వస్తుంది. అంటే 1949-50. పోలీసు చర్య అయిన మరుసటి ఏడో, ఆ పై ఏడో. దఫ్తర్లలో ఇంకా ఉర్దూనే నడుస్తున్న రోజులు.

అమ్మయ్య, దొంగకలప కాదు, అనుకున్నాను మొదట. పొద్దున్నే గొప్పగా ఆ మాట వడ్ల తాతతో అంటే ఆయన నవ్వాడు.

"కాయిదం ఉంటే దొంగతనం గానట్టేనా బిడ్డా? గుట్ట ఎవలిది?"

ఈ ప్రశ్నకి జవాబు కోసమే నేను మళ్ళీ చరిత్ర పుస్తకాలు తిరగేశాను. మీకు క్లుప్తంగా చెబుతాను.

టేకు అనే మాట మనదే. మలయాళం, తమిళాల్లో తేక్కు, మనకి టేకు. అక్కడి నుంచి పోర్చుగీసు వాళ్ళ నోట్లో పడి తేకా అయి, ఇంగ్లీషులో టీక్ అయింది. మాట మాత్రమే కాదు, చెక్క కూడా అలాగే వెళ్ళింది. 1817లో బొంబాయి రేవులో వాడియాల వడ్రంగులు టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇప్పటికీ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో నీళ్ళ మీద తేలుతూ ఉంది. ఓక్ చెట్లు సరిపోక ఇంగ్లీషువాళ్ళు మలబారు టేకు మీద పడ్డారు. అది తరిగిపోతుంటే 1840ల్లో కానొలీ అనే కలెక్టరు కేరళలో నీలంబూరు దగ్గర టేకు నాటించాడు. తర్వాత బర్మా టేకు. అక్కడి అడవుల్ని లెక్కపెట్టి, ఏడాదికి ఇన్నే నరకాలని పద్ధతి పెట్టిన బ్రాండిస్ అనే జర్మన్‌ని 1864లో తెచ్చి మొత్తం ఇండియా అడవులకి అధికారిని చేశారు. మరుసటి ఏడే, 1865లో, మొదటి అటవీ చట్టం. 1878లో ఇంకా గట్టి చట్టం. అడవి ప్రభుత్వానిది, అందులో మనిషి చేసే ప్రతి పనీ అనుమతి మీద చేసేది, అనే ఆలోచన అక్కడ మొదలైంది.

బ్రాండిస్‌ని విలన్ చేయడం తేలికే. కానీ ఆయన లేకపోతే బర్మాలో ఆ టేకు ఇంకా ముందే అయిపోయేదేమో. ఓడల కంట్రాక్టర్లు, తర్వాత రైలు స్లీపర్ల కంట్రాక్టర్లు అడవులు ఎలా ఊడ్చేశారో చూస్తే ఎవరో ఒకరు అడ్డుపడాల్సిందే అనిపిస్తుంది. చిక్కల్లా, అడ్డు పెట్టినప్పుడు కంట్రాక్టరుని, నాగలికి కర్ర కోసం వచ్చిన రైతుని ఒకే గేటు దగ్గర నిలబెట్టడం. కంట్రాక్టరుకి హర్రాజులో పాడుకునే డబ్బుంది. రైతుకి లేదు.

నిజాం రాజ్యం కూడా అదే దారిలో నడిచింది. ఆదిలాబాద్ అడవుల్ని రిజర్వులుగా గీతలు గీశారు. 1929లో కాజీపేట - బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. అంతకు ముందు గోదావరి మీద తెప్పలుగా పోయే కలప ఇక రైలెక్కింది. 1938లో సిర్పూరులో కాగితం మిల్లు పెట్టారు, దానికి వెదురు కావాలి. ఆ గీతల లోపల ఉన్నది ఖాళీ అడవి కాదు. గోండులు, కొలాములు, వాళ్ళ ఊళ్ళు, చేలు ఉన్నాయి. పోడు చేసుకుంటూ, కొన్నేళ్ళకోసారి చోటు మార్చుకునే వ్యవసాయం వాళ్ళది. గీత గీసిన రోజున ఎవరైతే బీడు వదిలి పక్క చేలో ఉన్నారో, వాళ్ళ బీడు అడవి లెక్కలోకి పోయింది. తిరిగొస్తే ఆక్రమణదారులు!

1940లో జోడేఘాట్ గుట్టల్లో కుమ్రం భీం, ఆయన వెంట ఉన్నవాళ్ళు నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయారు. మనకి సినిమాల వల్ల, విగ్రహాల వల్ల ఆ పేరు తెలుసు. జరిగింది మాత్రం ఒక చెట్టు, ఒక చేను, ఒక పశువుల మేత గురించిన గొడవ. నిజాం ప్రభుత్వం ఆ తర్వాత, అసలు ఎందుకు తిరగబడ్డారు అని తెలుసుకోవడానికి హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్తని పంపింది. ఆయన భార్య ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయిలో ఉండిపోయి, గోండుల మధ్య తిరిగి, 1945లో నాలుగు నివేదికలు అచ్చు వేశాడు. ఆయన చెప్పింది క్లుప్తంగా ఇదే: వీళ్ళ చేల మీద రిజర్వు గీతలు గీశారు, కింది ఉద్యోగులు పీడించారు, మైదానాల నుంచి వచ్చినవాళ్ళు భూములు పట్టా చేయించుకున్నారు. ఆయన వల్ల కొంతమందికి పట్టాలు వచ్చాయి, 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళకి శిక్షణ మొదలైంది. ఎలిజబెత్ 1987లో చనిపోతే ఆమెని మార్లవాయిలోనే సమాధి చేశారు.

ఇప్పుడు మా రసీదు దగ్గరికి రండి. 1949-50. జోడేఘాట్ జరిగి పదేళ్ళు కూడా కాలేదు. కూపులో నరికిన టేకుని హర్రాజులో మా తాత, మైదానపు రైతు, పాడుకున్నాడు. న్యాయంగా, డబ్బు కట్టి, రసీదు తీసుకుని. వడ్ల తాత వాళ్ళ నాన్న చెప్పగా విన్నది ఏంటంటే, ఆ దుంగల్ని గుట్ట దింపి తెచ్చింది గోండుల ఎడ్లబండ్లే. కోసింది ఎక్కడి నుంచో వచ్చిన ఇద్దరు కోతోళ్ళు, అన్నదమ్ములట, అడుగు లెక్కన కూలి, ఎండాకాలమంతా చింతచెట్టు కింద ఉండి కోసి వెళ్ళారట. వాళ్ళ పేర్లు తాతకి గుర్తు లేవు. రసీదులో ఉన్నది ఒక్క పేరే, డబ్బు కట్టినవాడిది. నరికినవాడు, తోలినవాడు, కోసినవాడు ఎవరూ లేరు. గిట్ బ్లేమ్ కొడితే ప్రతి లైనుకీ ఒకే పేరు వచ్చినట్టు. ఆ ఒక్కడే అంతా రాశాడా ఏంటి?

*

కొంచెం దారి మారుస్తాను, మళ్ళీ వస్తాను.

2008లో నేను అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రం హిల్స్‌బరోలో ఉండేవాడిని. పక్కింట్లో ఒక ముసలాయన. ఓ చలికాలం గాలివానకి వాళ్ళ పెరట్లో పెద్ద డగ్లస్ ఫర్ చెట్టు పడిపోయింది. మనమైతే ఎవరినో పిలిచి తీసుకుపొమ్మంటాం. ఆయన షెడ్డులోంచి 1970ల నాటి మెకల్లక్ చైన్‌సా తీసి, దాని బ్లేడుకి ఒక ఇనప చట్రం బిగించి (అలాస్కన్ మిల్ అంటారు), దుంగ మీద నిచ్చెన పరిచి, దాని మీద చట్రాన్ని జరుపుకుంటూ పలకలు కోయడం మొదలుపెట్టాడు. నేను ప్రతి శనివారం వెళ్ళి నిలబడేవాడిని. కొన్నాళ్ళకి ఆకురాయి నా చేతికిచ్చాడు.

చైన్‌సా చరిత్ర తమాషాగా ఉంటుంది. మొట్టమొదటి గొలుసు రంపం చెట్టు కోసం కాదు, కాన్పు కోసం! 18వ శతాబ్దం చివర్లో స్కాట్లండులో ఎయిట్కెన్, జెఫ్రే అనే ఇద్దరు డాక్టర్లు, కష్టమైన కాన్పుల్లో కటి ఎముక కోయడానికి సన్నటి గొలుసు రంపాన్ని తయారు చేశారు. (ఆడవాళ్ళు ఈ వాక్యం మర్చిపొండి.) చెట్లు కోసేది రావడానికి ఇంకో వందేళ్ళకి పైగా పట్టింది. 1926లో జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ కరెంటుతో నడిచేది చేశాడు, 1929లో పెట్రోలుది. దాదాపు నలభై ఐదు కిలోలు పైనే, ఇద్దరు మోయాలి. ఒక్క మనిషి మోసే రంపాలు ఊరూరా పాకింది రెండో ప్రపంచయుద్ధం తర్వాతే. 1946లో ఆరెగాన్‌లోనే కాక్స్ అనే అడవి కూలీ ఒక సంగతి గమనించాడు. చెట్టుని తినే పురుగు దవడలు అటొకటి ఇటొకటి కొరుక్కుంటూ పోతున్నాయి. అదే ఆకారంలో గొలుసు పళ్ళు చేశాడు. ఈ రోజు ప్రపంచంలో తిరిగే గొలుసుల్లో చాలా వాటికి మూలం ఆ పురుగే.

పాత చైన్‌సాని బతికించడం గురించి ముసలాయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెబుతాను, ఎవరికైనా పనికిరావచ్చు.

దాంట్లో ఇంజనుకి వేరే ఆయిలు గది ఉండదు, పెట్రోల్లో కలిపే ఆయిలే దిక్కు. కొత్తవాటికి 50కి 1 పాళ్ళు చాలు, పాతవాటికి ఇంకా చిక్కగా కలపమని వాటి మీదే రాసి ఉంటుంది. పెట్రోలు పోసి నెలల తరబడి వదిలేయకూడదు. ఇంధనాన్ని పంపు చేసేది కార్బురేటర్లో ఒక పల్చటి పొర. పాత రంపం మొండికేస్తే తొంభై పాళ్ళు ఆ పొర బిరుసెక్కిందనో, పైపు పగిలిందనో అర్థం. మన దేశంలో ఇప్పుడు అమ్మేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరుని పాడుచేస్తుంది. కాబట్టి పని అవగానే టాంకు వంచేసి, ఆగిపోయేదాకా ఇంజను తిప్పి, అప్పుడు పక్కన పెట్టాలి.

గొలుసు సంగతి. చెట్టుని అడ్డంగా కోసే గొలుసు పళ్ళకి పై అంచు ముప్పై డిగ్రీల వాలులో ఉంటుంది. పలకల కోసం నిలువునా కోసేటప్పుడు ఆ వాలుని పదికి తగ్గిస్తారు. నిదానంగా వెళ్తుందిగానీ చెక్క నున్నగా వస్తుంది. ప్రతి పన్నుకీ లెక్కపెట్టి అన్నే సార్లు ఆకురాయి పట్టాలి, లేకపోతే రంపం ఒక పక్కకి లాగుతుంది. ఇంకోటి, 1970ల ముందు వచ్చిన రంపాల్లో చాలావాటికి చైన్ బ్రేకు ఉండదు. బ్లేడు ముక్కు దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి ఎగురుతుంది. నాస్టాల్జియా వేరు, మెడకాయ వేరు. అలాంటిది షోకేసులో పెట్టుకోండి.

ఇంకొక లెక్క. చైన్‌సా సందు తొమ్మిది మిల్లీమీటర్లు తినేస్తుంది, బ్యాండు రంపం రెండున్నర. 300 మిల్లీమీటర్ల మందం దిమ్మెలోంచి 25 మిల్లీమీటర్ల పలకలు తీస్తే బ్యాండు రంపంతో పదకొండు, చైన్‌సాతో తొమ్మిది. రెండు పలకలు పొట్టు అయిపోయాయి. పెరట్లో పడిన చెట్టుకి ఫర్వాలేదు. టేకుకైతే పాపం.

మన నిర్మల్ బొమ్మలవాళ్ళు ఆ పొట్టు కూడా వదలరు. పొనికి చెక్కతో బొమ్మ ముక్కలు చెక్కి, చింతగింజల లప్పంలో రంపపు పొట్టు కలిపి ఆ ముక్కల్ని అతుకుతారు. 2009లో ఆ బొమ్మలకి జీఐ గుర్తింపు వచ్చింది. ఇబ్బందల్లా పొనికి చెట్టే దొరకడం కష్టమవుతూ వచ్చింది.

*

హిల్స్‌బరోలో ఉన్నన్నాళ్ళూ నాకు ఒకటే అసూయ. "చూడు, వీళ్ళ పెరట్లో చెట్టు పడితే వీళ్ళే కోసుకుని బల్ల చేసుకుంటారు. మనకైతే రంపం చప్పుడు వినపడితే చాలు, ఎవడో స్మగ్లరు అనుకుంటారు" అని. ఈ అసూయతోనే, పోయినేడు మా చేలో గాలికి పడిన వేపచెట్టుని నేనే కోస్తానని బయల్దేరాను. బాపు ఒకటే మాట అన్నారు, "ముందు ఆఫీసుల అడుగు." అడగడానికి మూడు సార్లు తిరిగాను. ఒకరు అవసరం లేదన్నారు, ఒకరు దరఖాస్తు పెట్టమన్నారు, ఒకరు సారు లేరన్నారు. అప్పటికి వేప తెల్ల చెక్కలో పురుగు పడింది.

కోపం వచ్చింది. కానీ చట్టాలు చదివితే ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. మన రాష్ట్రంలో కోత మిషన్లకి 1969 నుంచీ లైసెన్సు నియమాలున్నాయి, కలప రవాణాకి 1970 నుంచి. 2002 వాల్టా చట్టం వచ్చాక సొంత భూమిలో చెట్టు నరకడం కూడా అనుమతి సంగతి అయింది. వీటన్నిటికన్నా పెద్దది, 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు ఇచ్చిన గోదావర్మన్ ఉత్తర్వు. అడవి అంటే నిఘంటువులో ఏ అర్థం ఉందో అదే, రికార్డుల్లో ఎవరి పేరున్నా సరే, అనుమతి లేకుండా అందులో కోత మిషన్లు నడవకూడదు అంది. ఆ కేసు వేసిన తిరుమల్పాడ్ గారు నీలంబూరు రాజవంశం మనిషి. కానొలీ మొదటి టేకు తోట నాటిన చోటు అదే. చరిత్రకి ఇలాంటి సరదాలుంటాయి. ఫిలిప్పీన్స్ ఇంకో అడుగు ముందుకేసి, 2002లో చైన్‌సా కొనాలన్నా ఉంచుకోవాలన్నా రిజిస్టరు చేయించుకోవాలని ఏకంగా చట్టమే చేసింది.

ఇక 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల భూమి హక్కుని ఒప్పుకుంది. చిన్న అటవీ ఉత్పత్తులు, అంటే ఇప్పపువ్వు, తునికాకు, వెదురు, వాళ్ళవి అంది. కలపని మాత్రం ఆ జాబితాలో చేర్చలేదు. టేకు ఇప్పటికీ గేటు అవతలే.

నా అసూయ సంగతి కూడా తేలిపోయింది. ఈమధ్య హిల్స్‌బరో చరిత్ర చదివాను. ఆ నేల అట్ఫలాటి అనే కలపూయా తెగవాళ్ళది. 1850లో అమెరికా ప్రభుత్వం ఆరెగాన్‌లో వలసవచ్చినవాళ్ళకి ఉచితంగా భూములు పంచింది. 1856లో కలపూయా వాళ్ళని గ్రాండ్ రోండ్ రిజర్వేషనుకి తరలించేశారు. నేను చూసి ముచ్చటపడిన ఆ పెరటి స్వేచ్ఛ అలా వచ్చింది. అక్కడ పంచేశారు, ఇక్కడ సర్కారు ఉంచేసుకుంది. రెండు చోట్లా అంతకుముందు ఆ చెట్టు కింద ఉన్నవాడు ఊడిపోయాడు. ముసలాయన మంచివాడే. మా తాతా మంచివాడే. ఇద్దరి దగ్గరా కాయితాలు సరిగ్గానే ఉన్నాయి.

అలాగని నేను అటవీ చట్టాలు ఎత్తేయమనడం లేదు. కవ్వాల్ 1965లో అభయారణ్యం, 2012లో పులుల రిజర్వు అయింది. అక్కడ ఇంకా టేకు నిలబడి ఉందంటే ఏదో ఒక గేటు ఉండబట్టే. ఆన్‌లైన్లో ఎవడైనా కొనగలిగే చైన్‌సా చేతిలో ఉంటే, ఇద్దరు అన్నదమ్ములు ఎండాకాలమంతా చేసిన పని రోజుల్లో అయిపోతుంది. ఆ కోతోళ్ళ అలసటే ఒకప్పుడు అడవికి సగం కాపలా. నేననేది ఒకటే: గేటు పెట్టినప్పుడు బయట ఎవరిని నిలబెట్టామో రాసి పెట్టుకోవాలి. మనం రాయలేదు. దూలం రాసుకుంది.

*

పంచాయితీ ఏమైందంటారా? చివరికి నేను కాల్ కట్ చేసి నోరు విప్పాను. స్లాబు వేద్దాం, చిన్నబాపు చెప్పింది నిజమే, వానాకాలం పెంకులు సర్దే మనుషులు దొరకడం లేదు. కానీ దూలాలు అమ్మొద్దు. కొత్త ఇంటి ముందర వరండాకి అవే వేద్దాం. ఆ వ్యాపారి చెప్పిన డబ్బుల్లో చిన్నబాపు వాటా నేనిస్తాను అన్నాను. (మా ఆవిడకి ఈ లైను చూపించకండి.) బాపు ఏమీ అనలేదు, మొగురం మీద చెయ్యేసి కాసేపు నిలబడ్డారు. చిన్నబాపు "నీ ఇష్టం రా, ఉంచుకుంటే ఉంచుకో" అన్నాడు.

వడ్ల తాత మాత్రం ఒక షరతు పెట్టాడు. కొత్త మేస్త్రీలు రంద పట్టి నున్నగా చేసి పాలిష్ వేస్తామంటారు, చేయనియ్యొద్దు, కనీసం ఒక దూలానికి ఒక పక్క అలాగే వదిలెయ్యమన్నాడు. "గీతలు పోతే గా ఇద్దరు వొచ్చిన్రనేదానికి సాక్ష్యం ఉండదు బిడ్డా."

మీ ఊళ్ళో కూడా పాత ఇల్లు ఏదో పడిపోయే వరసలో ఉండే ఉంటుంది. అమ్మే ముందు ఒక్కసారి ఫోను లైటు ఏటవాలుగా కొట్టి చూడండి. ఫోటో తీసుకోండి. దాన్ని ఎవరు కోశారో, దుంగ ఏ గుట్ట దిగి వచ్చిందో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా ఉంటే అడగండి. నేను ఇరవై ఏళ్ళ ముందే అడిగి ఉంటే ఆ అన్నదమ్ముల పేర్లు తెలిసేవి. మీకెవరికైనా ఖానాపూర్, జన్నారం వైపు చేతికోత చేసినవాళ్ళ గురించి తెలిస్తే తప్పకుండా చెప్పండి. ఆ రసీదు వెనక ఖాళీ చాలా ఉంది, రాసుకుంటాను.